గంటస్తంభం దగ్గరి టీ బడ్డీ: తీపి టీ కూల్ డ్రింకు కంటే మేలేనా?

విజయనగరంలో గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల వైపు వెళ్లే దారిలోనూ ఆ చుట్టుపక్కల సందుల్లోనూ టీ దుకాణాలకు కొదవ లేదు. వాటిలో నేను తరచుగా వెళ్లే ఒక చిన్న బడ్డీ గురించి రాయాలనుకోవడానికి దాని రుచి ఒక్కటే కారణం కాదు. ఎండ పూట అక్కడికి వచ్చేవాళ్లలో కొందరు టీ అడుగుతారు, కొందరు పక్కనే ఉన్న ఫ్రిజ్‌లోంచి కూల్ డ్రింకు తీసుకుంటారు. కూల్ డ్రింకు ఒంటికి చెరుపు, టీ అయితే ఫరవాలేదు అనే మాట ఆ బల్ల దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరి నోట వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాటలో నిజముంది. అయితే ఆ మేలులో టీ ఆకు వాటా కొంచెమేననీ, గ్లాసు చిన్నది కావడం వల్లా, పంచదార చెంచా మన కళ్ల ముందే ఉండటం వల్లా వచ్చేదే ఎక్కువనీ నా అభిప్రాయం. ఈ బడ్డీ నాకు నచ్చడానికి కారణం కూడా అదే.

ఇక్కడ డికాషన్ ఒక పొయ్యి మీద, పాలు మరో పొయ్యి మీద విడివిడిగా మరుగుతుంటాయి. మనం వెళ్లి నిలబడగానే యజమాని గాజు గ్లాసు తీసి, "పంచదార ఎంతెయ్యమంటారు మాస్టారూ?" అని అడిగి, ముందు పంచదార వేసి, దాని మీద గుడ్డ సంచిలోంచి డికాషన్ వడకట్టి, ఆ పైన చిక్కటి పాలు పోసి, చెంచాతో అడుగు దాకా తిప్పి ఇస్తాడు. ఒక చెంచా చాలంటే ఒకటే వేస్తాడు. అసలు వద్దన్నా ముఖం చిట్లించడు. డికాషన్ మరీ నల్లగా, చేదెక్కేదాకా మరగనివ్వడు కాబట్టి పంచదార తగ్గినా టీ తాగేలాగే ఉంటుంది. నిజానికి చాలా దుకాణాల్లో అంత తీపి అవసరం కావడానికి కారణం, పొడి గంటల తరబడి మరిగి వగరెక్కడమే. మంచి టీకి రెండో చెంచా అక్కరలేదు.

ఇక లెక్కలోకి వద్దాం. మామూలు కోలా రకాల్లో 100 మి.లీ.కి పంచదార 10 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఆ వివరం సీసా మీద పోషకాల పట్టికలోనే ముద్రించి ఉంటుంది. ఆ లెక్కన 250 మి.లీ. చిన్న సీసా ఒకటి తాగితే పాతిక గ్రాములకు పైగా పంచదార లోపలికి పోయినట్టే. మన బడ్డీ గ్లాసులో పట్టే టీ సుమారు 90 మి.లీ. ఉంటుంది. మనం ఏమీ చెప్పకపోతే అందులో వేసేది రెండు చెంచాలు, అంటే చెంచాకు నాలుగు గ్రాముల చొప్పున ఎనిమిది గ్రాములు. చెంచా గోపురంలా నింపితే ఇంకా ఎక్కువే పడుతుంది. అంటే గుక్కకు గుక్క పోల్చి చూస్తే మన మామూలు టీ కోలాకు దాదాపు సమానమైన తీపి పానీయం. తేడా అంతా పరిమాణంలోనే ఉంది. వేడి టీని చిన్న గ్లాసులో ఊదుకుంటూ తాగి గ్లాసు కింద పెట్టేస్తాం. చల్లటి సీసాకు మూత తీశాక సగంలో ఆపేవాళ్లు అరుదు. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు తెప్పించే రెండు లీటర్ల సీసా విషయమైతే చెప్పనే అక్కరలేదు.

అయితే ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. రెండు చెంచాల టీ మూడు గ్లాసులు తాగితే ఒక చిన్న సీసా కూల్ డ్రింకుతో సమానం అవుతుంది. పొద్దున్న ఇంట్లో ఒకటి, పనిలోకి వెళ్లేముందు బడ్డీ దగ్గర ఒకటి, పదకొండింటికి ఒకటి, సాయంత్రం స్నేహితులతో ఒకటి రెండు తాగేవాళ్లు మన ఊళ్లో ఎందరో ఉన్నారు. వాళ్లలో చాలామంది తాము కూల్ డ్రింకు ముట్టుకోం అని గట్టిగా చెబుతారు కూడా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు రోజుకు పంచదార 20 నుంచి 25 గ్రాములు దాటకుండా చూసుకోమంటున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంది: రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి పైనుంచి కలిపే పంచదార 50 గ్రాముల లోపు ఉండాలి, 25 గ్రాముల లోపు ఉంటే మరింత మంచిది. ఈ కొలతతో చూస్తే రోజుకు ఐదు తీపి టీలు తాగే మనిషికి, మిఠాయి జోలికి పోకపోయినా, ఆ రోజు వాటా టీలోనే దాటిపోతుంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయంటే, ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో పాతిక వేలమందికి పైగా మనుషులను ఏళ్ల తరబడి గమనించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కూల్ డ్రింకులు ఎక్కువగా తాగేవాళ్లకు టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువగా కనిపించింది. పంచదార కలిపిన టీ, కాఫీల విషయంలో అలాంటి సంబంధం కనబడలేదు. టీ ప్రియులకు ఇది ఊరట కలిగించే మాటే. కానీ అదే అధ్యయనం కూల్ డ్రింకు బదులు నీళ్లో, తీపి లేని టీ కాఫీలో తాగితే మధుమేహం ముప్పు తగ్గవచ్చని లెక్క కట్టింది. అక్కడ 'తీపి లేని' అన్న మాటను మనం వదిలేయకూడదు. పైగా అక్కడివాళ్లు పెద్ద కప్పు నిండా పలచటి టీలో ఒక చెంచా వేసుకునే అలవాటుకూ, మనం చిన్న గ్లాసులో రెండు చెంచాలు వేసుకునే అలవాటుకూ చాలా తేడా ఉంది. ఆ ఫలితాన్ని మన గ్లాసుకు ఉన్నదున్నట్టు అంటగట్టడం సరికాదు.

పంచదార కాకుండా మిగతావి చూస్తే పళ్ల విషయంలో టీదే పైచేయి. కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, పులుపును కొలిచే పి.హెచ్. (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) కోలాకు సుమారు 2.5. పంటి పైపొర 5.5 కంటే దిగువన కరగడం మొదలవుతుంది. పాలు కలిపిన టీకి ఆ పులుపు లేదు, కాకపోతే అందులోని పంచదార కూడా పళ్లకు చెరుపే చేస్తుంది. ఇనుము విషయంలో మాత్రం టీ ఓడిపోతుంది. టీకి వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలు కూరగాయల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును పట్టేసుకుని శరీరానికి అందనివ్వవు. అందుకే జాతీయ పోషకాహార సంస్థ భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ కాఫీలు మానమంటుంది. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నప్పుడు, అన్నం తిని చెయ్యి కడుక్కోగానే టీ తాగడం, బడికి వెళ్లే పిల్లలకు పొద్దున్నే టీలో బిస్కెట్లు ముంచి పెట్టడం చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది. పిల్లలకు కూల్ డ్రింకు వద్దనే తల్లిదండ్రులు ఆ స్థానంలో టీ గ్లాసు పెట్టడం కంటే వట్టి పాలు పెట్టడం ఎంతో మేలు.

ఈ బడ్డీలో బెల్లం టీ కూడా ఉంది. దానికి ఐదు రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. అనకాపల్లి బెల్లం అని బోర్డు మీద రాశారు, వాసన కూడా బాగుంటుంది, రుచికోసం తాగేవాళ్లకు నేను వద్దనను. కానీ అది ఆరోగ్యం పేరిట అమ్ముడుపోవడం నాకు నచ్చలేదు. బెల్లంలో అత్యధిక భాగం పంచదారే. ఒంట్లోకి వెళ్లాక రక్తంలో చక్కెరను పెంచే తీరులో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అందులో ఉన్న కాస్త ఇనుమును కూడా పక్కనే ఉన్న టీ అడ్డుకుంటుంది. మధుమేహం ఉన్న పెద్దలు ధైర్యంగా బెల్లం టీ రెండేసి గ్లాసులు తాగడం నేను అక్కడే చూశాను, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఫ్రిజ్‌లో కూల్ డ్రింకుల పక్కన సీసా ఐస్ టీలు కూడా పెట్టారు. పేరులో టీ ఉన్నంత మాత్రాన వాటిని ఈ పోలికలో టీ వైపు నిలబెట్టలేం. మన దేశంలో ప్యాకెట్ల మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి; నేను తిప్పి చూసిన సీసా మీద నీళ్ల తర్వాత రెండో పేరు పంచదారే. గాలి బుడగలు లేని కూల్ డ్రింకు అనుకోవడమే సబబు. మీట నొక్కితే వచ్చే మెషిన్ టీ పొడిలోనూ సాధారణంగా పంచదార ముందే కలిసి ఉంటుంది, తగ్గించమని అడగడానికి దారి ఉండదు. 'జీరో' అని రాసిన డబ్బాలు పంచదార సమస్యను తప్పిస్తాయి గానీ, బరువు తగ్గడానికి అలాంటి కృత్రిమ తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది.

ఎండలో దాహానికైతే ఆ వీధిలో అన్నింటికన్నా మంచిది గోలీసోడా బండి మీద దొరికే రంగు కలపని ఉత్త సోడా. అందులో ఉన్నవి నీళ్లూ గ్యాసూ మాత్రమే. నిమ్మకాయ పిండించుకోవచ్చు, రక్తపోటు ఉన్నవాళ్లు ఉప్పు వద్దని ముందే చెప్పుకోవాలి. రంగు సోడాల్లో పడేది పంచదార పాకమే కాబట్టి వాటిని కూల్ డ్రింకుల లెక్కలోనే కలపాలి.

మళ్లీ బడ్డీ సంగతికి వస్తే, లోపాలు లేకపోలేదు. గ్లాసులను ఒకే బకెట్టు నీళ్లలో ముంచి తీయడం మానుకుని కుళాయి కింద కడిగితే బాగుంటుంది. అంతకన్నా పెద్ద లోపం సాయంత్రం రద్దీలో కనిపిస్తుంది. ఐదున్నర దాటాక జనం మూగినప్పుడు విడిగా కలపడం కుదరక, పంచదారను పాల గిన్నెలోనే కుమ్మరిస్తారు. అప్పుడు తగ్గించమని అడిగినా ప్రయోజనం ఉండదు, మధుమేహం ఉన్నవాళ్లు ఒట్టి చేతులతో వెనక్కి వెళ్లాల్సిందే. ఒక చిన్న గిన్నెలో తీపి లేని పాలు పక్కన పెట్టి ఉంచితే సరిపోయే పని ఇది. ఆ మాట యజమానితో చెప్పాను, చూస్తానన్నాడు.

టీ పది రూపాయలు, బెల్లం టీ పదిహేను. ఉదయం ఆరు నుంచి తెరిచే ఉంటుంది. పొద్దుటి పూటో, మధ్యాహ్నం భోజనమై గంట దాటాక మూడున్నర ప్రాంతంలోనో వెళ్లండి. గ్లాసు చేతికి తీసుకోకముందే, పంచదార డబ్బా మూత తెరవకముందే, ఒక చెంచా చాలని చెప్పండి.