ఫైల్లోంచి ఆర్గ్యుమెంట్లు: కోట్స్ పెట్టడం మేలా, లైనుకొకటి రాయడం మేలా?

ఫైలు పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి కమాండ్‌కి ఆర్గ్యుమెంట్లుగా (అంటే కమాండ్ పేరు తర్వాత ఇచ్చే విలువలుగా) అందించాలి. పేర్లలో స్పేస్‌లున్నాయి కాబట్టి ఒక్కోదాని చుట్టూ డబుల్ కోట్స్ పెట్టాం. ఆ కోట్స్‌ని చదివేది ఎవరు? మనం టైప్ చేసిన కమాండ్లని నడిపే షెల్లా, తనకొచ్చిన జాబితాని ఇంకో కమాండ్‌కి ఆర్గ్యుమెంట్లుగా అందించే ఎక్స్‌ఆర్గ్సా (xargs), చివరి ప్రోగ్రామా? ఫలితమంతా దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

చాలామంది ముందు చేసేది, బ్యాష్ అనే షెల్‌లో డాలర్ గుర్తు, బ్రాకెట్లు పెట్టి, ఫైలులో ఉన్నది చూపించే క్యాట్ (cat) కమాండ్‌తో ఫైలును కమాండ్ లైన్లోనే పరిచెయ్యడం. ఇది వద్దు. మనం కమాండ్ లైన్లో స్వయంగా రాసిన కోట్స్‌నే షెల్ పట్టించుకుంటుంది. ఇంకో కమాండ్ అవుట్‌పుట్‌లో వచ్చినవి దానికి మామూలు అక్షరాలే. "పెళ్ళి ఫోటోలు" అని కోట్స్‌తో సహా ఉన్నా రెండు ముక్కలవుతుంది, ముక్కకో కోట్ అంటుకుని ఉంటుంది. దీన్ని చక్కదిద్దడానికి, ఇచ్చిన టెక్స్ట్‌ని కమాండ్‌గా నడిపే ఇవాల్ (eval) వాడితే ఇంకా ప్రమాదం: ఫైల్లో ఎవరు ఏ కమాండ్ రాసిపెట్టినా నడిచిపోతుంది.

ఎక్స్‌ఆర్గ్స్ నయం. సింగిల్ కోట్స్, డబుల్ కోట్స్, బ్యాక్‌స్లాష్ మూడూ దానికి తెలుసు. అయితే దాని నియమాలు పూర్తిగా షెల్ నియమాలు కావు. కోట్స్ లోపల బ్యాక్‌స్లాష్‌కి ప్రత్యేక అర్థం ఉండదు, కోట్స్ మధ్యలో లైను మారకూడదు. అసలు చిక్కు అక్క'స్ పెళ్ళి.జేపీజీ లాంటి పేర్లతో. ఆ ఒక్క గుర్తుకి జోడీ దొరక్క ఎక్స్‌ఆర్గ్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

ప్రోగ్రామే ఫైలు చదువుకునే పద్ధతి మూడోది: ఫైలు పేరు ముందు @ పెట్టడం. జీసీసీ (GCC) అనే కంపైలర్‌లో ఇది బాగా పనిచేస్తుంది, కోట్స్ కూడా అర్థమవుతాయి. కానీ బ్యాక్‌స్లాష్ తన పక్క అక్షరాన్ని కాపాడి తాను మాయమవుతుంది కాబట్టి విండోస్ పాత్‌లు చెడిపోతాయి. అక్కడ ముందుకు వాలే స్లాష్ వాడాలి, లేదా బ్యాక్‌స్లాష్ రెండుసార్లు రాయాలి. పైథాన్‌లో ఆర్గ్యుమెంట్లు చదివే ఆర్గ్‌పార్స్ (argparse) మాడ్యూల్‌లో ఈ సౌకర్యం పెడితే, మామూలుగా లైనుకొక ఆర్గ్యుమెంట్. కోట్స్ పెడితే అవీ పేరులో భాగమైపోతాయి. అదే ఫైలు జీసీసీకి ఒకలా, పైథాన్‌కి ఇంకోలా కనిపిస్తుంది.

నా ఓటు ఇలా: మనుషులు చేత్తో రాసే కంపైలర్ ఆప్షన్లకి @ ఫైలు, అదీ ఆ ప్రోగ్రామ్ నియమాలు చదివాకే. ఫైలు పేర్లకి మాత్రం కోట్స్ అసలు వద్దు. లినక్స్ ఫైలు పేరులో స్లాష్ (/), నల్ (విలువ సున్నా ఉన్న, కంటికి కనపడని అక్షరం) తప్ప ఏ అక్షరమైనా ఉండొచ్చు. అందుకే పేర్లని నల్‌తో విడదీసే జంటే అన్నిటికన్నా గట్టిది: ఫైళ్ళు వెతికే ఫైండ్ (find) కమాండ్‌లో -print0, ఎక్స్‌ఆర్గ్స్‌లో -0. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి నియమాలైన పోసిక్స్ (POSIX) 2024 ప్రమాణంలోకి కూడా ఈ రెండూ వచ్చాయి. చేత్తో రాసిన జాబితా అయితే లైనుకొక పేరు రాసి, అక్షరాలు మార్చే టీఆర్ (tr) కమాండ్‌తో లైను గుర్తుల్ని నల్‌గా మార్చి ఎక్స్‌ఆర్గ్స్ -0కి పంపితే చాలు. ఏ పద్ధతైనా అసలు కమాండ్ నడిపేముందు దాని స్థానంలో, ఇచ్చినదాన్ని అచ్చువేసే ప్రింట్‌ఎఫ్ (printf) పెట్టి, ఒక్కో ఆర్గ్యుమెంట్‌నీ < > గుర్తుల మధ్య లైనుకొకటిగా అచ్చువేసి చూడండి. ఎక్కడ తెగిందో, ఎక్కడ కోట్ మిగిలిపోయిందో అక్కడే తెలిసిపోతుంది.