ఓవర్‌రైడా, హైడా: బాడుగ యాడికి పాయె?

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు పోయే తమ్ముళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. "అన్నా, పేరెంట్ క్లాసులో ఉన్న మెథడ్ పేరే చైల్డ్‌లో మళ్లీ రాస్తే అది ఓవర్‌రైడా, హైడా? రెండూ ఒకటే కదా?" (క్లాసు అంటే ఆబ్జెక్టులను తయారు చేసే నమూనా, మెథడ్ అంటే అందులో ఒక పని చేసే కోడు ముక్క. పేరెంట్ క్లాసు మెథడ్లను వారసత్వంగా తీసుకునేది చైల్డ్. ఓవర్‌రైడ్ అంటే పేరెంట్ మెథడ్ స్థానంలో చైల్డ్‌ది నిలవడం, హైడ్ అంటే దాన్ని దాచడం మాత్రమే.) పైకి ఒకటిగానే కనిపిస్తాయి. నాకు తేడా బాగా తెలిసొచ్చింది మాత్రం కర్నూలులో ఒక ఉల్లిగడ్డల వ్యాపారికి బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చినప్పుడు.

సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. 'బిల్లు' అని ఒక క్లాసు, దాని చైల్డ్‌గా 'లారీబిల్లు'. రెండింటిలోనూ 'మొత్తం' అనే మెథడ్. సరుకు 20 క్వింటాళ్లు, క్వింటాలు 1,500 చొప్పున 30,000 రూపాయలు. లారీబిల్లులో దీనికి బాడుగ 2,400 కలవాలి. బిల్లు స్క్రీన్ మీద 32,400 అని సరిగ్గానే వచ్చేది. రాత్రి అంగడి మూసే ముందు తీసే రోజు లెక్కలో మాత్రం అదే బిల్లు 30,000. "బాడుగ యాడికి పాయె సార్?" అని ఆయన ఫోను.

తప్పు నాదే. పేరెంట్‌లో 'వర్చువల్' (చైల్డ్ ఓవర్‌రైడ్ చేసుకోవచ్చు అని చెప్పే మాట) పెట్టలేదు, కాబట్టి చైల్డ్‌లో రాసిన మెథడ్ ఓవర్‌రైడ్ కాలేదు, హైడ్ అయింది. స్క్రీన్ కోడులో వేరియబుల్‌ని లారీబిల్లు అనే డిక్లేర్ చేశాను. రోజు లెక్క దగ్గర అన్ని రకాలూ కలిపి బిల్లుల లిస్టులో వేసి లూప్ తిప్పాను, అక్కడ వేరియబుల్ టైపు బిల్లు. హైడ్ అయినప్పుడు ఏ మెథడ్ నడవాలో వేరియబుల్ టైపును బట్టి కంపైలరే (మనం రాసిన కోడును నడిచే ప్రోగ్రాంగా మార్చేది) ముందుగా తేల్చేస్తుంది. లోపలున్నది లారీబిల్లే అయినా దానికి పట్టదు. ఓవర్‌రైడ్ అయితే ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ ఆబ్జెక్టు అసలు ఏ క్లాసుదో చూసి, ఆ క్లాసు మెథడ్‌నే పిలుస్తుంది. నన్నడిగితే చూసుకోవాల్సింది ఇదొక్కటే. వేగంలో తేడా గురించి కూడా అడుగుతుంటారు, బిల్లుల ప్రోగ్రాంలో అది లెక్కలోకే రాదు.

కంపైలర్ చెప్పలేదా అంటే, చెప్పింది. సీఎస్0108 అని వార్నింగ్ ఇచ్చి, కావాలనే దాస్తుంటే 'న్యూ' అని రాయమంది. ఎర్రర్ కాదు కదా అని నేను చూడలేదు. చూసినా న్యూ తగిలించి ఊరుకునేవాణ్ణేమో. అప్పుడు వార్నింగ్ పోయేది, బాడుగ మాత్రం వచ్చేది కాదు. (ఆబ్జెక్టును తయారు చేయడానికీ న్యూ, మెథడ్‌ను దాచడానికీ అదే న్యూ. కొత్తవాళ్లు తికమక పడక ఏం చేస్తారు?) చివరికి పేరెంట్‌లో వర్చువల్, చైల్డ్‌లో ఓవర్‌రైడ్ అని రెండు మాటలు చేర్చితే లెక్క కుదిరింది.

మరి హైడింగ్ దండగా? పేరెంట్ క్లాసు మన చేతిలో లేనప్పుడు పనికొస్తుంది. బయటి లైబ్రరీ క్లాసుకు చైల్డ్ రాసి, అందులో 'సరిచూడు' అనే మెథడ్ పెట్టుకున్నారనుకోండి. తర్వాతి వెర్షన్‌లో లైబ్రరీవాళ్లు కూడా అదే పేరుతో వర్చువల్ మెథడ్ చేర్చారు. సీ షార్ప్‌లో మీది దానంతటదే ఓవర్‌రైడ్ అయిపోదు, వార్నింగ్ వస్తుంది. లైబ్రరీ లోపలి కోడు వాళ్ల మెథడ్‌నే పిలుచుకుంటుంది, మీ కోడు మీదాన్ని. ఇక్కడ న్యూ రాయడమే సరి. జావాలో ఇదే జరిగితే, పేరూ పారామీటర్లూ (మెథడ్‌కు ఇచ్చే విలువలు) కలిశాయంటే మీ మెథడ్ చెప్పాపెట్టకుండా ఓవర్‌రైడ్ అయి కూర్చుంటుంది.

జావాలో హైడ్ అయ్యేవి స్టాటిక్ మెథడ్లు (ఆబ్జెక్టుకు కాక క్లాసుకే చెందినవి), ఫీల్డులు (క్లాసులో విలువలు దాచుకునే వేరియబుల్స్). ఇంటర్వ్యూలో అడిగేది ఎక్కువగా స్టాటిక్ గురించే. సీ ప్లస్ ప్లస్‌లో అయితే చైల్డ్‌లో ఒక పేరు వాడితే పేరెంట్‌లో అదే పేరుతో ఉన్న ఓవర్‌లోడ్‌లన్నీ (పేరొకటే, పారామీటర్లు వేరైన మెథడ్లు) కనబడకుండా పోతాయి; 'యూజింగ్' అని ఒక లైను రాస్తే తిరిగొస్తాయి.