అయిదు చలికాలాలు, ఒక క్యాష్మీర్ స్వెట్టరు, నాలుగు చిల్లులు

మా ఆడపడుచు స్కాట్లాండ్‌లో ఉంటుంది. 2020లో మా పెద్దాడు పుట్టినప్పుడు ఏడాది పిల్లల కొలతలో క్యాష్మీర్ స్వెట్టరు, టోపీ, సాక్సులు, ఒక చిన్న దుప్పటి పంపింది. మాది రాజోలు దగ్గర లంక ఊరు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కూడా 18 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే చోటు. మా అత్తగారు స్వెట్టరు చేత్తో నిమిరి, "పిల్లికూనలా ఉందమ్మాయ్. ఇది తొడిగితే పిల్లాడు ఉడికిపోడూ?" అన్నారు.

ఉడకలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. బజార్లో దొరికే అక్రిలిక్ స్వెట్టరు వేస్తే పావుగంటలో మెడ కింద చెమట పట్టి ఏడుపు అందుకునేవాడు. ఇది పల్చగా ఉంటుంది, చెమట పీల్చుకుంటుంది, గుచ్చుకోదు. క్యాష్మీర్ అంటే మేక ఒంటి మీద పైజుట్టు కింద ఉండే నూగు. పోగు మందం సగటున 19 మైక్రాన్లలోపే ఉంటుంది, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పేరులో కాశ్మీరం ఉన్నా ఇప్పుడు ఎక్కువగా చైనా, మంగోలియాల నుంచే వస్తుంది. మనకి పనికొచ్చే రోజులు మాత్రం తక్కువ. సంక్రాంతికి ముందో నెల, వెనకో నెల, మిగతాది నరసాపురం నుంచి హైదరాబాద్ వెళ్లే రైల్లో ఏసీ బోగీ. దుప్పటి ఒక్కటే ఏడాదంతా వాడాం. సాక్సులు దండగ, రెండో వారానికే ఒకటి కాలవలో పడిపోయింది.

ఇక అసలు కథ. 2022 జూలై వరదకి హడావిడిగా సామానంతా అటకెక్కించాం. స్వెట్టరు ట్రంకుపెట్టెలో నూలు దుప్పట్ల మధ్య పెట్టాను. ఉతకలేదు, పైపైన దులిపానంతే. మధ్యలో వేపాకు కూడా వేశాను. డిసెంబరులో పెట్టె తీస్తే వేపాకు పొడైపోయింది, స్వెట్టరుకి నాలుగు చిల్లులు. నూలు దుప్పట్లకి ఏమీ కాలేదు. చిల్లులు ఎక్కడున్నాయో చూశాక నోట మాట రాలేదు. నాలుగూ మెడ దగ్గరా రొమ్ము మీదా, అంటే వాడు పాలు కక్కిన చోటే. వెనకవైపు ఒక్కటి లేదు.

ఇది బట్టల చిమ్మెట పని. బంగారు రంగులో చిన్నగా ఎగిరే ఆ చిమ్మెట మాత్రం బట్ట తినదు, దానికి తినే నోరే లేదు. అది పెట్టిన గుడ్ల నుంచి వచ్చే పురుగు తింటుంది. ఉన్నిలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్ దాని ఆహారం. పాలు, చెమట, నూనె అంటిన ఉన్ని అయితే మరీ ఇష్టం. చీకటిగా, ఎవరూ కదపకుండా, కాస్త తేమగా ఉంటే చాలు. మన అటకలు అచ్చంగా అలాంటివే. స్నానాల గది గోడకి సిమెంటు పెచ్చులా అంటుకుని రెండు వైపుల నుంచీ తల బయటపెట్టే గూడుపురుగు చూశారా? అదీ దీని బంధువే, ఉన్ని దొరికితే వదలదు.

అత్తగారు కలరా ఉండలు వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకి ఆ నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయని మా పిల్లల డాక్టరు ముందే హెచ్చరించారు. ఈ విషయంలో మా ఇంట్లో వారం రోజులు మాటల్లేవు, అది వేరే సంగతి.

తర్వాత ఇలా చేస్తున్నాను. కుంకుడురసం పల్చగా కలిపిన గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కుతాను. మా బోరు నీళ్లు ఉప్పు, అందుకని ఆఖరి జాడింపుకి క్యాను నీళ్లు. దండెం మీద వేస్తే సాగిపోతుంది కాబట్టి నీడలో మంచం మీద పరిచి ఆరబెడతాను. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు, ఆరేలోపు బూజు వాసన వస్తుంది. బాగా ఆరాక రెండు జిప్ కవర్లలో గాలి తీసి పెట్టి, రెండు వారాలు డీప్ ఫ్రీజర్లో ఉంచుతాను. మా ఆయన "రొయ్యల పక్కన స్వెట్టరేంటే" అని ఇప్పటికీ నవ్వుతారు. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవరు తెరవకూడదు, లేకపోతే లోపల నీరు పడుతుంది. ఒకసారి తుపానుకి రెండు రోజులు కరెంటు పోతే మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టాను. ఆ కవరు అలాగే బీరువాలోకి పోతుంది. అటక మీదికి మాత్రం ఇక పంపను.

చిల్లులు పూడ్చింది నరసాపురంలో లేసు అల్లే ఒక పెద్దావిడ. ఆ పనితనం అక్కడికి తెచ్చింది 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ మిషనరీలేనంటారు. ఆవిడ అడిగింది ఒకటే: "చిల్లు కనపడకూడదా అమ్మా, కనపడినా పర్లేదా?" పర్లేదన్నాను. నాలుగు చిన్న తెల్ల పువ్వులు అల్లి కుట్టింది. నూలుదారంతో కుట్టింది గనక అక్కడ కొంచెం బిగుసుకుంటుంది, అదొక్కటే లోపం.

2023లో పుట్టిన చిన్నాడు రెండు చలికాలాలు ఆ పువ్వులతోనే తొడుక్కున్నాడు. చంకల దగ్గర చిన్న చిన్న ఉండలు కట్టింది, దువ్వెనతో తీసేస్తే పోతాయి. కొత్త చిల్లు పడలేదు. నా డబ్బులతో అయితే స్వెట్టరు కొనను, దుప్పటి కొంటాను. స్వెట్టరు, టోపీ మొన్న మా తోడికోడలి కూతురికి ఇచ్చేశాను, జిప్ కవర్లతో సహా.