ఏడాది పంపి ఏడేళ్లు చూశాక: హైస్కూలు విద్యార్థుల విదేశీ మార్పిడి కార్యక్రమంపై ఒక తండ్రి సమీక్ష

2018 ఆగస్టులో మా అమ్మాయిని ఒడిశా-ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి నుంచి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక చిన్న ఊరికి, అక్కడి ఉన్నత పాఠశాలలో ఒక విద్యా సంవత్సరం చదవడానికి పంపాను. ఆమె తిరిగి వచ్చిన మరుసటి నెలలోనే అదే సంస్థ ద్వారా జర్మనీ నుంచి వచ్చిన పదహారేళ్ల అబ్బాయికి మా ఇంట్లో చోటిచ్చాం. ఈ కార్యక్రమాల గురించి సాధారణంగా కనిపించే అభిప్రాయాలన్నీ పిల్లలు విమానం దిగిన మూడు నెలల్లోపు, ఫోటోల తడి ఆరకముందే రాసినవి. అందుకే ఏడేళ్లు ఆగి రాస్తున్నాను. మాకు ఎదురైన ఇబ్బందులు కూడా ఇందులో ఉన్నాయి కనుక సంస్థ పేరు రాయడం లేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: పిల్లల్ని ఎంచి, సిద్ధం చేసి, పంపడంలో వీళ్లకు ఎంత నేర్పు ఉందో, తిరిగి వచ్చిన పిల్లల్ని ఇంట్లో, బడిలో కుదురుకునేలా చేయడంలో అంత అశ్రద్ధ ఉంది.

ముందుగా ఏ దారులున్నాయో క్లుప్తంగా చెప్పాలి. ఏఎఫ్ఎస్ అనే సంస్థ 1915లో, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, క్షతగాత్రులను మోసే అంబులెన్సు డ్రైవర్ల దళంగా మొదలై, రెండో యుద్ధం ముగిశాక 1947లో బడి పిల్లల మార్పిడిలోకి వచ్చింది. రోటరీ క్లబ్బుల కార్యక్రమం స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీదుగా నడుస్తుంది. అందులో పిల్లలు ఏడాదిలో ఒకటికి మించి కుటుంబాలతో ఉండటం మామూలు. కెనెడీ-లూగర్ పేరుతో ఉన్న యెస్ కార్యక్రమం 2001 సెప్టెంబరు దాడుల తరువాత, 2002లో అమెరికా ప్రభుత్వం ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లల కోసం ఏర్పాటు చేసింది. అందులో మన దేశం కూడా ఉంది. ఖర్చంతా వాళ్లదే కానీ పోటీ తీవ్రం. మేము వెళ్లినది సొంత ఖర్చుతో వెళ్లే దారి. విమానం టికెట్టు, బీమా, చేతి ఖర్చు అన్నీ కలిపి మాకు ఎనిమిదిన్నర లక్షల రూపాయలు అయింది. మందుల దుకాణం నడుపుకునే నాకు అది చిన్న మొత్తం కాదు. మా ఇంటావిడ గాజులు రెండేళ్లు బ్యాంకులో ఉన్నాయని కూడా చెబితేనే లెక్క సరిగా ఉంటుంది.

వయసు విషయం ఎవరూ ముందుగా విడమరిచి చెప్పరు. అమెరికా ఇచ్చే జే-1 అనే మార్పిడి వీసా మీద హైస్కూలు విద్యార్థిగా వెళ్లాలంటే బడి మొదలయ్యే నాటికి పదిహేనేళ్లు నిండి, పద్దెనిమిదిన్నర దాటకుండా ఉండాలి. కిండర్‌గార్టెన్ వదిలేసి లెక్కిస్తే పదకొండు ఏళ్లకు మించి చదివి ఉండకూడదు. అంటే మన పిల్లలకు ఈ కిటికీ తెరుచుకునేది దాదాపుగా పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలోనే. సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు కుటుంబాలు పిల్లల్ని విశాఖపట్నం, విజయవాడ ఇంటర్మీడియట్ హాస్టళ్లలో చేర్చేది కూడా ఆ వేసవిలోనే. కనుక ఈ కార్యక్రమాన్ని ఎంచుకోవడం అంటే కోచింగు వరుసలోంచి పిల్లను ఒక ఏడాది పక్కకు తీయడమే. కరపత్రాల్లో మాత్రం దీన్ని ‘చదువుకు అదనపు హంగు’ అని రాస్తారు.

కాగితాల పని మా సరిహద్దు జీవితానికి అచ్చంగా సరిపోయింది. పాస్‌పోర్టు కోసం భువనేశ్వర్ వెళ్లాం, వీసా కోసం హైదరాబాద్ వెళ్లాం, ఎందుకంటే ఒడిశా అమెరికా కాన్సులేట్ లెక్కలో హైదరాబాద్ కిందికే వస్తుంది. అప్పట్లో కార్యాలయం బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023లో నానక్‌రాంగూడకు మారింది. పలాస దాకా బస్సులో వెళ్లి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మొదటి రోజు వేలిముద్రలు, మరునాడు ఇంటర్వ్యూ. అధికారి అడిగినవి మూడే ప్రశ్నలు. సంస్థ పంపే డీఎస్-2019 అనే పత్రం లేకుండా ఇందులో ఏ అడుగూ పడదు. దానికి తోడు వీసా రుసుము కాక సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము వేరుగా కట్టాలి. మేము 180 డాలర్లు కట్టాం, 2019 నడిమి నుంచి అది 220 అయింది.

అసలు ఆందోళన ఆతిథ్య కుటుంబం గురించి. జే-1 కింద పిల్లల్ని ఇంట్లో పెట్టుకునే కుటుంబాలకు డబ్బు ఇవ్వరు. ఆ ఇంట్లోని పెద్దలందరి నేర చరిత్రను పరిశీలించాలి, విద్యార్థి బయలుదేరే ముందే కుటుంబమూ బడీ ఖరారు కావాలి, స్థానిక ప్రతినిధి 120 మైళ్ల లోపల ఉంటూ నెలకొకసారైనా పిల్లతో మాట్లాడాలి. ఇవన్నీ నిబంధనలే. మా విషయంలో అన్నీ పాటించారు, కానీ కుటుంబం పేరు మాకు తెలిసింది ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు. జూన్ నుంచి ప్రతి సోమవారమూ ఫోన్ చేస్తే ‘ప్రక్రియలో ఉంది’ అన్న మాటే వినిపించేది. నిబంధన తప్పలేదు కదా అని వాళ్లు అంటారు. తల్లిదండ్రుల నిద్ర గురించి ఏ నిబంధనా లేదు.

కుటుంబం మాత్రం మేలిమి బంగారం. భర్త ఆ ఊరి బడి బస్సు నడిపేవాడు, భార్య వృద్ధుల ఆశ్రమంలో నర్సు. తన పేరు పెట్టి పిలవమని ఆవిడ మొదటి రోజే చెప్పింది. అంత పెద్దావిడను పేరుతో పిలవడానికి మా అమ్మాయికి నోరు రాలేదు. పక్షం రోజులు ఏ పేరుతోనూ పిలవకుండా, దగ్గరికి వెళ్లి నిలబడి మాట్లాడిందట. మా ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన కొంగ బొమ్మ ఒకటి తీసుకెళ్లి ఇచ్చింది. అది ఇప్పటికీ వాళ్ల వంటింటి కిటికీలో ఉంది. ఆ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు ఉండేది, అందులో మంగళ, శుక్రవారాల గిన్నెలు మా అమ్మాయివి. 2019 జనవరి చివర్లో అక్కడ చలి సున్నాకు ముప్పై డిగ్రీలు కిందికి పోయి బళ్లు మూసేశారు. ఆ మూడు రోజులూ ఇంట్లో కూర్చుని ఆవిడ దగ్గర ‘హాట్‌డిష్’ అనే ఆ ప్రాంతపు బంగాళాదుంపల వంటకం నేర్చుకుని, బదులుగా నిమ్మకాయ పులిహోర నేర్పింది. పోపులో వేసిన ఆవాలు చిటపటలాడగానే పొగ అలారం మోగింది.

బడిలో భారతదేశం గురించి చెప్పమన్నప్పుడు తరగతి అంతా హిందీ గురించి వినడానికి సిద్ధపడింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతకు చింతపండు తెచ్చే కొండవాళ్ల నోట సవర, మహేంద్రతనయ నది దాటి నాలుగు అడుగులు వేస్తే పాతపట్నం, అది మరో రాష్ట్రం అని ఆమె చెబితే, ‘అయితే నువ్వు ఎవరివి?’ అని ఒక కుర్రాడు అడిగాడట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పటి నుంచి మా తాతలు జవాబు వెతుక్కుంటున్న ప్రశ్న అది. మా ఊరి బడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి గారి సంగతి ఆమె వాళ్లకు చెప్పింది. పరాయి భాష మాట్లాడేవాళ్ల మధ్య కూర్చుని చెవి ఒగ్గి వినడం ఆమెకు కొత్త కాదు. ఆ ఏడాది ఆమె నెగ్గుకొచ్చింది అందువల్లే అని నా నమ్మకం. సరిహద్దు పిల్లలు ఈ కార్యక్రమానికి సగం తయారై ఉంటారు.

బీమా సంగతి నా వృత్తి రీత్యా కొంచెం గట్టిగా చెబుతాను. జే-1 నిబంధనల ప్రకారం ఒక్కో ప్రమాదానికి, జబ్బుకు కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా ఉండాలి. అది వినగానే నిశ్చింత కలుగుతుంది. ఫిబ్రవరిలో గట్టి రొట్టె ముక్క కొరికితే మా అమ్మాయి దవడ పన్ను విరిగింది. మా పాలసీలో పళ్లకు చోటు లేదు. రూట్ కెనాల్ చేసి తొడుగు వేయడానికి డాక్టరు చెప్పిన మొత్తం రూపాయల్లోకి మార్చి చూసి, అదే పని బరంపురంలో ఎంతకవుతుందో నాకు తెలుసు కనుక, కుర్చీలో కూలబడ్డాను. తాత్కాలికంగా పూడ్పించి, నొప్పి మాత్రలతో జూన్ దాకా నెట్టుకొచ్చాం. వెళ్లే ముందు పళ్లన్నీ చూపించి, అవసరమైనవి ఇక్కడే చేయించుకుని వెళ్లమని ఎవరైనా ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేది.

ఇక తిరిగి రావడం. జూన్ రెండో వారంలో వచ్చింది. ఆ రాత్రి భోజనాలు అయ్యాక అందరి కంచాలూ తీసి, ఎవరూ చెప్పకుండానే తోమడం మొదలుపెట్టింది. అది చూసి మా ఇంటావిడ, అక్కడ పిల్లతో పని చేయించుకున్నారని ఏడ్చింది. మా గది తలుపు తట్టి లోపలికి రావచ్చా అని అడిగితే, అమ్మానాన్నలను అడగాలా అని మా అమ్మ నొచ్చుకుంది. చుట్టాలు వచ్చి ‘ఏదీ, ఒకసారి ఇంగ్లీషులో మాట్లాడమ్మా’ అన్నారు. ఆమె నవ్వి లోపలికి వెళ్లిపోయేది. జూలై అంతా ‘ఏం లేదు నాన్నా’ అన్న మాట తప్ప ఆమె నోట నేనేమీ వినలేదు.

బడి మరీ ఇబ్బంది పెట్టింది. అక్కడ పదకొండో తరగతిలో మంచి గ్రేడ్లు వచ్చాయి కానీ, ఒక్క ఏడాది చదివిన గ్రేడు పత్రం ఇక్కడ ఏ అర్హతకూ సమానం కాదు. అమెరికా బళ్లు చాలావరకు మార్పిడి విద్యార్థులకు డిప్లొమా ఇవ్వవు. తిరిగి పదకొండులోనే చేరాలి, ఆ తరగతి ఏప్రిల్‌లోనే మొదలైపోయింది. పదో తరగతి దాకా పక్కన కూర్చున్న స్నేహితులు పన్నెండులో ఉన్నారు. దరఖాస్తులో ఆ ఏడాదిని ‘గ్యాప్’ అని రాయించారు. ఆ మాట రాస్తున్నప్పుడు ఆమె ముఖం నాకు ఇంకా గుర్తుంది. సంస్థ వాళ్ల వైపు నుంచి ఢిల్లీలో ఒక్క రోజు సమావేశం పెట్టారు. ఇక్కడి నుంచి రానూపోనూ నాలుగు రోజుల ప్రయాణం, అప్పుడే చేరిన బడి మానిపించి ఎలా పంపుతాం? ఆ తరువాత వాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ అనుభవం రాసి పంపమనీ, కొత్తవాళ్లకు చెప్పమనీ అడిగినవే. ఎలా ఉన్నావని అడిగిన ఉత్తరం మిన్నెసోటా ఆవిడది ఒక్కటే.

ఆమెను మళ్లీ మాటల్లోకి దించింది జర్మనీ అబ్బాయి. జూలై చివర్లో దిగాడు. సంస్థ అతనికి ఇచ్చిన పుస్తకంలో హిందీ వాక్యాలు ఉన్నాయి, వాటిని కష్టపడి కంఠస్థం చేసి మా అమ్మ ముందు చేతులు జోడించి అప్పగించాడు. మా అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు మా అమ్మాయి ఆ పుస్తకం పక్కన పెట్టి, నోటుబుక్కులో ఒక వైపు తెలుగు, ఒక వైపు ఒడియా మాటలు జర్మన్ అక్షరాల్లో రాసి ఇచ్చింది. నెల తిరిగేసరికి అతను ‘మామ్మా, చారు వెయ్’ అనేవాడు. నన్ను బాబాయ్ అనీ, మా ఇంటావిడను పిన్ని అనీ పిలిచేవాడు. తమ దేశంలో పదో తరగతి తరువాత ఒక ఏడాది బయట చదివి రావడం మామూలు సంగతేనని, ఎవరూ దాన్ని ఖాళీ అనరని అతను చెప్పిన సాయంత్రం, మా అమ్మాయి తన ఏడాది గురించి మొదటిసారి గంటసేపు మాట్లాడింది.

ఆతిథ్యం ఇవ్వాలనుకునేవారికి ఒక మాట. అప్పట్లో విదేశీయులు ఇంట్లో దిగిన 24 గంటల్లోపు ఫారం-సి ఆన్‌లైన్‌లో నింపాల్సి ఉండేది. 180 రోజులకు మించిన వీసా అయితే వచ్చిన 14 రోజుల్లోపు నమోదు చేయించాలి. మా జిల్లాలో ఎవరికీ ఆ పని అలవాటు లేక మేము మూడుసార్లు తిరిగాం, అయినా పోలీసులు మర్యాదగానే ఉన్నారు. 2020 మార్చిలో కరోనా వచ్చి కార్యక్రమాలు ఎక్కడికక్కడ ఆగిపోయాయి. 22వ తేదీ నుంచి అంతర్జాతీయ విమానాలు బంద్ అయితే, అంతకు నాలుగు రోజుల ముందు అతన్ని కారులో భువనేశ్వర్ తీసుకెళ్లి ఎక్కించాం. ఆ రోజుల్లో మాత్రం సంస్థ వాళ్లు నిద్రపోకుండా పని చేశారు, అది చెప్పకపోతే అన్యాయం.

ఆ ఎనిమిదిన్నర లక్షలు దండగా అని నన్ను అడిగేవారికి, ఇంగ్లీషు కోసమైతే దండగే అని చెబుతాను. విశాఖలో ఏడాది చదివినా ఆ ఇంగ్లీషు వస్తుంది. విదేశీ కాలేజీ సీటు కోసమైతే మా ఇంట్లో ఆ ఫలం రాలేదు. మా అమ్మాయి బరంపురంలో డిగ్రీ చేసి, ఇప్పుడు వినికిడి లోపమున్న పిల్లల దగ్గర పని చేస్తోంది. మాట రాని పిల్ల ముందు తొందరపడకుండా కూర్చోవడం ఆ పక్షం రోజుల్లో, ఎవరినీ పేరు పెట్టి పిలవలేక నిలబడినప్పుడు నేర్చుకున్నానని ఆమే చెప్పింది. ఆ ఏడాది తనకు మళ్లీ ఇస్తామంటే వెళతానంటుంది, కానీ వెళ్లే ముందే తిరిగి వచ్చాక చేరే బడితో కాగితం మీద మాట తీసుకుంటానంటుంది.

మా వీధిలో ఒక కుర్రాడు వచ్చే ఏడాదికి దరఖాస్తు పెడుతున్నాడు. ఆతిథ్య కుటుంబానికి రాయాల్సిన ఉత్తరం మా అమ్మాయి చేత చూపించుకోవడానికి నిన్న వచ్చాడు. ఆమె ఆ ఉత్తరం చదవకముందే అతని నోరు తెరిపించి దవడ పళ్లు చూసింది.