గ్యాస్ ట్యూబ్ అరెస్టర్: ఆరేళ్లు వాడాక

నా హామ్ రేడియో టవర్ నుంచి దిగే కోయాక్స్‌కి (ఆంటెనా సిగ్నల్ మోసే కేబుల్) ఈ లైట్నింగ్ అరెస్టర్ బిగించి ఆరేళ్లయింది. పిడుగు వల్ల వచ్చే ఎక్కువ వోల్టేజిని లోపలి గ్యాస్ ట్యూబ్ గుండా భూమిలోకి మళ్లించడం దీని పని. వస్తువు మంచిదే. తప్పంతా మొదటి రెండేళ్లూ నేను దాన్ని బిగించిన తీరులో ఉంది.

అప్పట్లో రిగ్ (రేడియో సెట్టు) వెనకే పెట్టి, సన్నటి వైరుని గోడ వెంట నాలుగు వంపులు తిప్పి ఎర్త్ రాడ్‌కి కలిపాను. మల్టీమీటర్‌తో చూస్తే ఎర్త్ భేషుగ్గా ఉంది. అక్కడే మోసపోయాను. మీటరు పొడవు వైరుకి సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు వేగంగా మారితే అడ్డుపడే గుణం, మల్టీమీటర్ చూపే రెసిస్టెన్స్ వేరు) ఉంటుంది. పిడుగు కరెంటు మైక్రోసెకనుకి 10,000 ఆంపియర్ల చొప్పున పెరిగిందంటే, ఆ ఒక్క మీటరు మీదే 10,000 వోల్టులు! ఇప్పుడు అరెస్టర్ గది బయట రాగి ప్లేటు మీద ఉంది. అక్కణ్నుంచి వెడల్పాటి రాగి పట్టీ తిన్నగా రాడ్‌లోకి దిగుతుంది. టవర్ కాళ్ల దగ్గరి రాడ్లనీ, ఇంటి కరెంటు ఎర్త్‌నీ కూడా దానికే కలిపేశాను.

ట్యూబ్ కొనేటప్పుడు లెక్క చూసుకోండి. 50 ఓంల లైనులో 100 వాట్లు పంపితే పీక్ వోల్టేజి 100 వోల్టులు. 90 వోల్టులకే కరెంటు వదిలే ట్యూబ్ అయితే మనం మాట్లాడుతుంటేనే లైనుని షార్ట్ చేసేస్తుంది. నాది 230. ఎస్‌డబ్ల్యూఆర్ (ఆంటెనా లైనుకి ఎంత సరిపడట్లేదో చెప్పే కొలత) బాగా ఎక్కువున్న ఆంటెనాని ట్యూనర్‌తో లాక్కొచ్చేవాళ్లకి లైనులో వోల్టేజి ఇంకా పెరుగుతుంది కాబట్టి ఇది కూడా చాలకపోవచ్చు.

నాలుగో ఏడు పక్కనే ఉన్న చెట్టు మీద పిడుగు పడింది. రిగ్‌కి ఏమీ కాలేదు. ఆంటెనాని తిప్పే మోటారు (రోటేటర్) కంట్రోల్ బాక్సు మాత్రం మాడి బొగ్గయింది. కోయాక్స్‌ని కాపాడుకునే ధ్యాసలో, టవర్ మీంచి ఇంకో కేబుల్ కూడా గదిలోకి వస్తోందన్న సంగతే మర్చిపోయాను. ఇప్పుడు అందులోని ప్రతి తీగకీ ఎంఓవీ (వోల్టేజి హద్దు దాటితే కరెంటుని పక్కకి మళ్లించే చిన్న భాగం) పెట్టి అదే ప్లేటుకి కట్టాను.

నాకున్న పెద్ద ఫిర్యాదు, ట్యూబ్ పాడైందో లేదో చూసి చెప్పలేం. ఆ దెబ్బ తర్వాత అనుమానంతోనే మార్చేశాను. దీని కనెక్టర్ల మీద సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపు (తనకు తానే అతుక్కుపోయే టేపు) చుట్టకపోతే నీరు దిగుతుంది, అది ఒక వాన ఖరీదుతో తెలిసింది.

పిడుగు నేరుగా టవర్ మీదే పడితే ఇది ఆపుతుందన్న భ్రమ నాకు లేదు. మబ్బు పడుతుండగానే కేబుళ్లన్నీ పీకేస్తాను. ఉరుములు మొదలయ్యాక మాత్రం కనెక్టర్ల జోలికి వెళ్లను.