కొసరు లెక్క: చిన్న వ్యాపారి ప్రయాణాలకు హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్ కార్డు

విజయవాడ బీసెంట్ రోడ్డుకు దగ్గరలో తమ్ముడూ నేనూ రెడీమేడ్ దుస్తుల దుకాణం నడుపుతున్నాము. సరుకు కోసం ఏడాదిలో నాలుగైదు సార్లు సూరత్‌కు, ముంబైకి, ఢిల్లీకి వెళ్లవలసి వస్తుంది. ఒకసారి బ్యాంకాక్‌లోని ప్రాతునామ్ మార్కెట్‌కు కూడా వెళ్తాము. ఈ ప్రయాణాల టికెట్లు, హోటళ్లతోపాటు ఇంటి ఖర్చులు కూడా కలిపి ఏడాదిపాటు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు వారి రెగాలియా గోల్డ్ క్రెడిట్ కార్డు మీద పెట్టి, వచ్చిందెంతో పోయిందెంతో చిట్టా పుస్తకంలో రాసుకున్నాను. ఈ సమీక్షకు ఆధారం ఆ పుస్తకమే. ఇక్కడ చెప్పిన రేట్లు, షరతులు 2025లో మేము చూసినవి. కార్డు షరతులు తరచూ మారుతుంటాయి కనుక, దరఖాస్తు చేసే ముందు బ్యాంకు వెబ్‌సైటులో ఒకసారి సరిచూసుకోవాలి.

దీనికి ముందు మా దగ్గర మరో బ్యాంకు కార్డు ఉండేది. పాయింట్లు ఎక్కువ వస్తాయన్న ఆశతో రెండు నెలలు హోల్‌సేల్ సరుకు బిల్లులన్నీ ఆ కార్డుతోనే కట్టాము. మూడో నెలలో ఆ బ్యాంకు, ఇది వ్యక్తిగత కార్డనీ వ్యాపార కొనుగోళ్లకు వాడకూడదనీ చెప్పి, అప్పటివరకు వచ్చిన పాయింట్లన్నీ వెనక్కి తీసేసుకుంది. నిబంధనల పత్రంలో ఆ మాట స్పష్టంగానే ఉంది. మేము చదవలేదు. అందుకే ఇప్పుడు కార్డు ఎంచుకోవాలనుకునే వ్యాపారులకు నేను మొదట చెప్పే విషయం ఇదే: వ్యక్తిగత కార్డు మీద సరుకు కొనకండి. వ్యక్తిగత కార్డులకు ఈ షరతు చాలా బ్యాంకుల్లో ఉంది, పాయింట్లు ఆపడమే కాక కార్డునే నిలిపివేసే అధికారం కూడా వాటికి ఉంటుంది.

అంతకన్నా ముఖ్యంగా, సరుకు కొనుగోలు మీద పాయింట్లు ఆశించడంలో అసలు లెక్కే కుదరదు. సూరత్‌లో మేము చీరలు తెచ్చుకునే దుకాణంలో కార్డు చూపించగానే, యంత్రం బయటికి తీయకముందే "కార్డయితే రెండు శాతం అదనం" అంటారు. లక్ష రూపాయల సరుకుకు రెండు వేలు అదనంగా కట్టి, పదమూడు వందల విలువ చేసే పాయింట్లు తెచ్చుకోవడం ఏ వ్యాపారీ చేయని పని. కిలో కందిపప్పు కొంటే కొట్టువాడు ఇంకో గుప్పెడు వేస్తాడే, ఆ కొసరు లాంటిదే రివార్డు పాయింటు. ఆ గుప్పెడు కోసం పప్పు ధర పెంచి ఇవ్వము కదా.

కనుక కార్డు చూడకముందు మా ఖర్చులు చూశాము. గడచిన పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు ముద్రించి, తమ్ముడు ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. చాలా కార్డుల్లో పాయింట్లు రాని పద్దులు కొన్ని ఉంటాయి: పెట్రోలు, ఇంటద్దె, వాలెట్‌లో వేసుకునే డబ్బు, ప్రభుత్వానికి కట్టే చెల్లింపులు. ఆ వరుసలన్నింటినీ అడ్డంగా కొట్టేశాడు. జనవరి నెల కాగితంలో, సంక్రాంతి ఖర్చులన్నీ ఉన్న పేజీలో కూడా, కొట్టివేతలు పోగా మిగిలింది సగమే. "అన్నయ్యా, మనం ఏడు లక్షలు ఖర్చు పెడుతున్నామనుకున్నాం, కార్డు లెక్కలోకి వచ్చేది అయిదుంబావు లక్షలే" అన్నాడు. అందులో విమానాలు, హోటళ్లు కలిపి రెండు లక్షల పైచిలుకు. ఈ రెండు అంకెలూ చేతిలో ఉన్నాకే కార్డుల ప్రకటనలు చదవడం మొదలుపెట్టాము.

రెగాలియా గోల్డ్ వార్షిక రుసుము 2,500 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో కలిపి 2,950. మొదటి ఏడాది రుసుము కట్టాక 2,500 రూపాయల వోచర్ ఇస్తారు. ఏడాదిలో 4 లక్షలు ఖర్చు చేస్తే మరుసటి ఏడాది రుసుము ఉండదు. ప్రతి 150 రూపాయల ఖర్చుకు 4 పాయింట్లు వస్తాయి. మా అయిదుంబావు లక్షలకు 14,000 పాయింట్లు. అయితే 150 నిండని మిగులుకు పాయింట్లు రావు. అందువల్ల 140 రూపాయల టిఫిను బిల్లుకు ఏమీ రాదు, 290 రూపాయల బిల్లుకు 150కి వచ్చేదే వస్తుంది. చిన్న చిన్న బిల్లులు ఎక్కువగా ఉండే ఇంటికి ఈ కోత ఏడాది చివర కనిపిస్తుంది.

ఈ కార్డు విషయంలో కొనేవారు అన్నిటికన్నా నిదానంగా ఆలోచించవలసింది పాయింటు విలువ గురించి. వచ్చేటప్పుడు అన్ని పాయింట్లూ ఒకటే, ఖర్చు చేసే చోటును బట్టి వాటి ధర మారిపోతుంది. బ్యాంకు వారి స్మార్ట్‌బై పోర్టల్‌లో విమాన టికెట్‌కో హోటల్‌కో వాడితే ఒక పాయింటు 50 పైసలు. బిల్లులో నగదు తగ్గింపుగా తీసుకుంటే 20 పైసలు. అంటే మా 14,000 పాయింట్లు ఒక దారిలో 7,000 రూపాయలు, మరో దారిలో 2,800 రూపాయలు. ప్రయాణాలు చేయని బంధువొకరు ఇదే కార్డు తీసుకుని, నగదుగా మార్చుకుంటానని సంతోషంగా చెప్పినప్పుడు నాకు బాధ కలిగింది. ఆయన లెక్కలో ఈ కార్డు ఇచ్చేది నూటికి అరవై పైసలు కూడా లేదు. ప్రయాణం చేసేవారికి అదే కార్డు నూటికి రూపాయి ముప్పై మూడు పైసలు ఇస్తుంది. పైగా టికెట్ మొత్తాన్నీ పాయింట్లతో కట్టనివ్వరు. 70 శాతం వరకు పాయింట్లు, మిగతాది కార్డు మీద డబ్బుగా చెల్లించాలి. పోర్టళ్లలో బుక్ చేసేటప్పుడు విమాన సంస్థ సొంత సైటులో ధర ఎంతుందో పక్కన పెట్టి చూడటం తప్పనిసరి. అక్కడ మూడు నాలుగు వందలు తేడా ఉంటే పాయింట్ల లాభంలో కొంత అక్కడే కరిగిపోతుంది.

మూల రేటు మాత్రమే చూస్తే ఇది గొప్ప కార్డు కాదు. దీన్ని నిలబెట్టేవి మైలురాళ్లు. ఒక త్రైమాసికంలో లక్షన్నర ఖర్చు దాటితే 1,500 రూపాయల వోచర్, ఏడాదిలో 5 లక్షలు దాటితే 5,000 రూపాయల విమాన వోచర్, ఏడున్నర లక్షలు దాటితే అలాంటిదే మరొకటి. మా ప్రయాణాలు ఏడాది పొడవునా సమంగా ఉండవు. దసరా సరుకు కోసం జూలై నుంచి సెప్టెంబరు లోపు, సంక్రాంతి సరుకు కోసం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు తిరుగుతాము. ఆ రెండు త్రైమాసికాల్లోనూ లక్షన్నర దాటింది. మిగతా రెండింటిలో దాటలేదు. అదే మొత్తాన్ని నెలనెలా సమంగా ఖర్చు చేసే ఉద్యోగికి ప్రతి త్రైమాసికానికి లక్షా ముప్పై వేలే అయి, ఒక్క వోచర్ కూడా వచ్చి ఉండేది కాదు. మా మొదటి ఏడాది లెక్క ఇలా తేలింది: పాయింట్లు 7,000, విమాన వోచర్ 5,000, త్రైమాసిక వోచర్లు 3,000, మొదటి వోచర్ 2,500. అందులోంచి రుసుము 2,950 తీసేస్తే దాదాపు 14,550 రూపాయలు. అయిదుంబావు లక్షల మీద ఇది నూటికి రెండుంముప్పావు. వోచర్లు నగదు కావు కనుక, ఎలాగూ కొనేదానికి వాడుకున్నప్పుడే వాటిని ఈ లెక్కలో చేర్చాలి.

విదేశీ ఖర్చు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలా కార్డులు విదేశీ కరెన్సీలో చేసే ఖర్చు మీద 3.5 శాతం మార్కప్ (బ్యాంకు అదనంగా తీసుకునే రుసుము) వేస్తాయి, దాని మీద జీఎస్టీ కలిపితే 4.13 శాతం అవుతుంది. రెగాలియా గోల్డ్‌లో మార్కప్ 2 శాతమే, జీఎస్టీతో 2.36. బ్యాంకాక్‌లో హోటల్‌కు, భోజనాలకు మేము కార్డు మీద పెట్టిన 40,000 రూపాయలకు ఈ తేడా 700 రూపాయలు దాటింది. అయినా 2.36 శాతం ఖర్చు, 1.33 శాతం లాభం కంటే ఎక్కువేనని మరచిపోకూడదు. విదేశంలో ఏ పాయింట్ల కార్డునైనా సౌకర్యం కోసమే వాడాలి, లాభం కోసం కాదు. ప్రాతునామ్‌లో చిన్న దుకాణాల వారు ఎక్కువగా నగదే అడుగుతారు కనుక మాకు ఆ ప్రశ్న పెద్దగా రాలేదు.

విమానాశ్రయాల్లో లాంజ్ (విశ్రాంతి గది) సౌకర్యం ఉంది. దేశంలో ఏడాదికి 12 సార్లు, విదేశాల్లో 6 సార్లు. గన్నవరం నుంచి వెళ్లి హైదరాబాద్‌లో విమానం మారే రోజుల్లో మూడు గంటలు కూర్చోవడానికి, భోజనం చేయడానికి ఇది నిజంగా ఉపయోగపడింది. దానికి విలువ కట్టి లాభంలో కలపలేదు, ఎందుకంటే లాంజ్ లేకపోతే మేము ఇంటి నుంచి పులిహోర తీసుకుని వెళ్లేవాళ్లము.

పోల్చి చూసిన కార్డుల్లో యాక్సిస్ అట్లాస్ మమ్మల్ని చాలా రోజులు ఆలోచింపజేసింది. అందులో విమాన సంస్థల దగ్గర, హోటళ్ల దగ్గర నేరుగా చేసే ఖర్చుకు నూరు రూపాయలకు 5 మైళ్లు (అక్కడ పాయింట్లకు ఆ పేరు), మిగతా ఖర్చులకు 2 మైళ్లు వస్తాయి. నిజం చెప్పాలంటే, నిరుటి మా ప్రయాణాల లెక్కకు ఆ రేట్లే ఎక్కువ ఇచ్చేవి. అయితే దాని రుసుము 5,000, జీఎస్టీతో 5,900. ఎంత ఖర్చు చేసినా అది మాఫీ కాదు. వ్యాపారం మందగించి ప్రయాణాలు తగ్గిన ఏడాది కూడా ఆ మొత్తం కట్టక తప్పదు. విదేశీ మార్కప్ 3.5 శాతం. నెలకు రెండు మూడు సార్లు విమానం ఎక్కేవారు అట్లాస్ వైపే చూడాలి, మాలాంటి అయిదారు ప్రయాణాల వారికి అది బరువు. ప్రయాణాలు లేనివారికి మాత్రం 999 రూపాయల రుసుముతో ఆన్‌లైన్ కొనుగోళ్లకు 5 శాతం, బయట 1 శాతం నేరుగా నగదు తిరిగి ఇచ్చే ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు ఈ రెండింటి కంటే మేలు. మా బంధువుకూ అదే చెప్పాను.

దుకాణం ప్రకటనల ఖర్చు, కొరియర్ బిల్లులు ఇప్పుడు సంస్థ పేరు మీద తీసుకున్న వేరే వ్యాపార కార్డుపై వెళ్తున్నాయి. పాయింట్లు కాస్త తక్కువే. అయితే జీఎస్టీ నంబరు బ్యాంకులో నమోదు చేయించడంతో కార్డు రుసుము మీది పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (మేము కట్టవలసిన జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలు) దొరుకుతోంది, ఇంటి పద్దూ దుకాణం పద్దూ కలవకపోవడంతో ఆడిటర్ గారి పని సగమైంది.

ఈ లెక్కలన్నీ బిల్లు పూర్తిగా, గడువులోగా కట్టేవారికే. లక్ష రూపాయల బిల్లును ఒక్క నెల నిలిపితే వడ్డీ నెలకు 3.5 శాతమే అనుకున్నా 3,500, దాని మీద జీఎస్టీ 630. ఆ లక్ష మీద వచ్చిన పాయింట్ల విలువ 1,333. రెండో నెలకు అది తడిసి మోపెడవుతుంది, ఎందుకంటే బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకూ వడ్డీ లేని గడువు ఉండదు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కనుక, ఆ అండ కూడా ఇప్పుడు లేదు. సరుకు డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో తెలియని వ్యాపారి కనీస బకాయి కట్టి నెట్టుకొచ్చే అలవాటున్నంతకాలం ఏ రివార్డు కార్డూ తీసుకోకపోవడమే మంచిది. ఇప్పటికే తీసుకుని ఇబ్బంది పడుతుంటే, బకాయి మొత్తం తీర్చి కార్డు మూసేయమని అడగవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఏడు పనిదినాల్లో మూసేయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే ఖాతాదారుకు చెల్లించాలి.

ఏడాదికి అయిదు లక్షలకు తగ్గకుండా, అదీ కొన్ని నెలల్లో గుంపుగా ఖర్చు చేసి, ఏటా నాలుగైదు విమాన ప్రయాణాలు చేసేవారికి రెగాలియా గోల్డ్ సరిపోతుంది. మేము ఇంకో ఏడాది ఉంచుకుంటున్నాము. 4 లక్షలు దాటాము కనుక రుసుము లేదు. మొన్ననే తమ్ముడికి ఢిల్లీ టికెట్ తీశాను. ధర 6,200. అందులో 4,340 రూపాయలు 8,680 పాయింట్లతో పోయింది, 1,860 కార్డు మీద పడింది. మిగిలిన 5,320 పాయింట్లు ఆషాఢం అమ్మకాలు అయ్యాక వెళ్లే సూరత్ ప్రయాణానికి దాచాము.