సంక్రాంతి రోజున రూర్కెలాలో: మూడు బైకులు, రెండు హాకీ మ్యాచ్‌లు

2023 జనవరి 13, తెల్లవారుజామున నాలుగున్నర. వైజాగ్ మద్దిలపాలెం జంక్షన్‌లో మా మూడు బైకులు కలిశాయి. అందరూ పండక్కి ఊళ్లకు చేరుతుంటే మేం ఊరు దాటుతున్నాం. పక్క రాష్ట్రం ఒడిశాలో హాకీ ప్రపంచకప్ జరుగుతోంది. 15న, సరిగ్గా సంక్రాంతి రోజున, రూర్కెలాలో ఇండియా–ఇంగ్లండ్. 19న భువనేశ్వర్‌లో ఇండియా–వేల్స్. రెండింటికీ ఆన్‌లైన్‌లో టికెట్లు దొరికిన రోజే ప్రయాణం ఖాయమైపోయింది. అమ్మ కాసేపు అలిగింది. తర్వాత అరిసెల డబ్బా తెచ్చి నా టెయిల్ బ్యాగులో తనే సర్దింది.

నాది కేటీఎం ఆర్‌సీ 390. బావది యమహా ఆర్‌15. మూడోది టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310, మా పీడీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) మాస్టారిది. మాస్టారు హైస్కూల్లో పిల్లలకి హాకీ నేర్పిస్తారు. మాకూ చిన్నప్పుడు స్టిక్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. నలభై ఎనిమిదేళ్లకి, సొంత డబ్బు కూడబెట్టి కొనుక్కున్న బండి అది. దాన్ని ఆయన చూసుకునే తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

వైజాగ్ నుంచి భువనేశ్వర్ దాదాపు 440 కిలోమీటర్లు. రోడ్డు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, హాయిగా ఉంటుంది. బైకులకి టోల్ లేదు, ఎడమ పక్క సందులోంచి వెళ్లిపోవచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి: ఆంధ్రాలో ట్యాంకు నిండా కొట్టించొద్దు. మేం వెళ్లినప్పుడు ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి రాగానే పెట్రోలు లీటరుకి ఏడు రూపాయల దాకా తక్కువ. మూడు బండ్లకి, ఆరేడు సార్లకి లెక్కేసుకుంటే ఒక పూట భోజనం ఖర్చు వచ్చేసినట్టే.

శ్రీకాకుళం చేరేసరికే నా మణికట్లు లాగేశాయి. ఆర్‌సీ మీద ముందుకు వంగి కూర్చోవాలి, బరువంతా చేతుల మీదే పడుతుంది. టీ కొట్టు దగ్గర చేతులు విదిలించుకుంటుంటే మాస్టారు చూసి, "ఏమయ్యా, డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాడు ఎలా వంగుతాడో మర్చిపోయావా? చేతుల మీద వాలడు కదా. తొడలు బిగిస్తాడు, పొట్ట బిగిస్తాడు, చేతులు వదులుగా ఉంచుతాడు. మోకాళ్లతో ట్యాంకు పట్టుకో, అంతే" అన్నారు. డ్రాగ్ ఫ్లిక్ అంటే బాగా వంగి, బంతిని స్టిక్‌తో ఈడ్చి గోల్ వైపు విసరడం. అలాగే చేశాను. రంభ దగ్గర చిలికా నీళ్లు కనిపించే వేళకి నొప్పి సగం తగ్గింది. కొత్తగా స్పోర్ట్ బైక్ కొన్నవాళ్లకి నేనిచ్చే మొదటి సలహా ఇదే.

భువనేశ్వర్‌లో మాస్టర్ కాంటీన్ చౌరస్తాకి దగ్గర్లో దిగాం. ముగ్గురికీ కలిపి గది 1,400 రూపాయలు. మంచాలు ఇరుకే, వేడినీళ్లు బకెట్టుతో పైకి తెచ్చిచ్చారు. అయినా ఆ లాడ్జికి మంచి మార్కులే వేస్తాను. రాత్రి బండ్లని లోపల పెట్టించి షట్టర్ దించారు. వేరే రాష్ట్రంలో, వీధిలో బండి వదిలి పడుకుంటే నిద్ర పడుతుందా? గది అడిగే ముందు పార్కింగ్ చూపించమని అడగండి.

ఆ సాయంత్రం రూర్కెలాలో స్పెయిన్‌తో మ్యాచ్. మేం రిసెప్షన్‌లో టీవీ ముందు కూర్చున్నాం. అమిత్ రోహిదాస్ ఒక గోలు, హార్దిక్ సింగ్ ఒక గోలు, 2–0. గెలిచినా బావకి తృప్తి లేదు. "లీడ్‌లోకి రాగానే మనోళ్లు వెనక్కి పోతారు మాస్టారూ. కోచ్ రీడ్ చెప్పాలి కదా, పైకెళ్లి ఆడమని!" మాస్టారు నవ్వి, రేపు చెప్తానన్నారు.

ఆ రేపు అంగుల్ దాటాక వచ్చింది. అప్పటికి ఢెంకనాల్ వైపు పొగమంచు తగిలింది. రోడ్డు తడిగా ఉంటే మాస్టారు బండిని రెయిన్ మోడ్‌లో పెట్టుకుని ముందు నడిచారు, మేం ఆయన ఎర్ర లైటు పట్టుకుని వెనకే వెళ్లాం. అంగుల్–తాల్చేర్ అంటే బొగ్గు గనులు. టిప్పర్లు వరసలు కట్టి పోతుంటాయి, దుమ్ము గాలిలోనే ఉంటుంది. హెల్మెట్ అద్దం తుడిచిన గుడ్డ నల్లగా అయిపోయింది. బావ బండికి వెనక టైరులో మేకు దిగింది అక్కడే. ట్యూబ్‌లెస్ కాబట్టి కిట్‌లోని ప్లగ్ పెట్టి, చిన్న పంపుతో గాలి కొట్టాం. ఇరవై నిమిషాలు. ఆ కిట్ లేకుండా ఈ దారికి రావద్దు.

గాలి కొడుతుండగా మాస్టారు తన బండి ట్యాంకు మీద పేరుకున్న బొగ్గు దుమ్ములో వేలితో గీయడం మొదలుపెట్టారు. ముందు గోల్, దాని చుట్టూ డీ (గోలు కొట్టాలంటే బంతిని లోపలి నుంచే కొట్టాల్సిన అర్ధచంద్రం), మైదానాన్ని సగం చేసే మధ్య గీత. "ఇదిగో బాబూ, ఫుల్ ప్రెస్ అంటే అవతలివాడి డిఫెండర్ల దాకా వెళ్లి బంతిని బయటికి రానివ్వకపోవడం. తగిలితే వెంటనే గోలు ఛాన్సు. కానీ ఒక్క ఏరియల్ బాల్ మన నెత్తి మీదుగా వెళ్లిందా, వెనక ఇంత ఖాళీ." అరచేత్తో సగం ట్యాంకు తుడిచేశారు. "హాఫ్ ప్రెస్ అంటే ఈ గీత దగ్గర వల పన్నడం. చూసేవాడికి పారిపోయినట్టు ఉంటుంది. నిజానికి అవతలివాణ్ని ఒక పక్క సైడ్‌లైన్ వైపు తోస్తున్నాం. అక్కడ వాడికి గీతే రెండో డిఫెండర్." బావ పంపు ఆపి చూస్తూ ఉండిపోయాడు. ఆ గీతలు రూర్కెలా దాకా తుడవలేదు.

రూర్కెలాలో మాత్రం టెన్షన్ పడ్డాం. నెల ముందే బుక్ చేసుకున్న లాడ్జి, మధ్యాహ్నం మూడున్నరకి వెళ్తే, రేటు మూడింతలయిందని చెప్పింది. మా దగ్గర కన్ఫర్మేషన్ ఉంది, చూపించాం, లాభం లేకపోయింది. మ్యాచ్‌ల రోజుల్లో ఇలా జరుగుతుందని ఊహించి, ముందురోజే ఫోన్ చేసి మాట్లాడుకోవాల్సింది. ఈ ఊళ్లో స్టీల్ ప్లాంటులో పనిచేసిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మాస్టారు ఎవరికో ఫోన్ చేసి, వాళ్ల ద్వారా ఇంకొకరికి చేయించి, చీకటి పడేలోపు ఒక రిటైర్డ్ ఉద్యోగి ఇంట్లో మేడ మీద గది ఇప్పించారు. డబ్బులు వద్దంటే వద్దన్నారు వాళ్లు. చలి మాత్రం గట్టిగా ఉంది. వైజాగ్ స్వెట్టర్లు ఈ చలికి ఆగవు, రైడింగ్ జాకెట్లు వేసుకునే పడుకున్నాం.

పొద్దున్నే ఆ ఇంటి ముందు రంగవల్లి, మధ్యలో గొబ్బెమ్మ. పక్కింటి ఒడియావాళ్లు మకర చావుళ పంపారు: నానబెట్టిన కొత్త బియ్యం, బెల్లం, కొబ్బరి, అరటిపండు కలిపిన ప్రసాదం. మా అరిసెలు వాళ్లింటికి వెళ్లాయి. పండగ పోగొట్టుకున్నామన్న బాధ అక్కడితో తీరింది.

ఇక స్టేడియం. బిర్సా ముండా అంతర్జాతీయ హాకీ స్టేడియం, ఆ నెలలోనే ప్రారంభమైంది. ఇరవై వేలకు పైగా సీట్లు. గ్యాలరీ నిటారుగా ఉంటుంది, అందుకని పై వరసలో కూర్చున్నా బంతి స్టిక్‌కి తగిలిన చప్పుడు వినిపిస్తుంది. హెల్మెట్లు లోపలికి పట్టుకెళ్లే పని పెట్టుకోకుండా, మూడింటినీ ఒక కేబుల్ లాక్‌తో బండికే కట్టేశాం. పార్కింగ్ నుంచి నడక ఎక్కువే, రైడింగ్ బూట్లతో నడిస్తే కాళ్లు పుండ్లవుతాయి. మామూలు బూట్లు తెచ్చుకోండి.

మాస్టారు మమ్మల్ని గోల్ వెనక వైపు పైకి తీసుకెళ్లారు. సైడ్ నుంచి చూస్తే బంతి కనిపిస్తుంది, ఇక్కణ్నుంచి చూస్తే జట్టు కనిపిస్తుందన్నారు. నిజమే. దుమ్ములో గీసిన గీతలు కింద నీలం టర్ఫ్ మీద కదులుతున్నట్టు అనిపించింది. మ్యాచ్ 0–0. గోల్ లేని మ్యాచ్‌లో అంత అరిచింది నేను ఎప్పుడూ లేదు. ఇంగ్లండ్‌కి పెనాల్టీ కార్నర్ (మనవాళ్లు డీలో తప్పు చేస్తే అవతలివాళ్లకి దొరికే గోలు అవకాశం) వచ్చిన ప్రతిసారీ మాస్టారు నా భుజం నొక్కి, "బంతిని చూడకు, అమిత్‌ని చూడు" అనేవారు. గోల్ గీత వెనక గోల్‌కీపర్ కాక నలుగురే ఉండాలి. బంతి లోపలికి తోయగానే వాళ్లలో ఒకడు సూటిగా ఫ్లిక్ కొట్టేవాడి మీదకి దూసుకెళ్లాలి. వాడే ఫస్ట్ రషర్, మన జట్టుకి అమిత్. గంటకి వంద కిలోమీటర్లు దాటే బంతికి ఎదురుగా, మొహానికి మాస్క్, మోకాళ్లకి ప్యాడ్లు కట్టుకుని పరిగెత్తడం అది. తగిలించుకోవడానికే వెళ్తున్నాడా అనిపిస్తుంది. ఆ రాత్రి ఇంగ్లండ్ కార్నర్ ఒక్కటీ గోలు కాలేదు.

చివరి క్వార్టర్లో హార్దిక్ తొడ వెనక కండరం పట్టుకుని బయటికి వెళ్లాడు. స్టేడియం ఒక్కసారిగా చల్లబడింది. మిడ్‌ఫీల్డ్‌లో బంతి తీసుకుని తిరగగలిగేవాడు అతనే అని బావ అక్కడే అన్నాడు, అదే నిజమైంది.

మర్నాడు సుందర్‌గఢ్ వైపు వెళ్లాం. అమిత్ రోహిదాస్‌ది, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడైన దిలీప్ తిర్కీది ఆ జిల్లాలోని సౌనామరా. దారిలో ఒక ఊళ్లో ఎర్రమట్టి నేల మీద పిల్లలు ఆడుతుంటే ఆగాం. చేతుల్లో ఉన్నవాటిలో కొన్ని దుకాణంలో కొన్న స్టిక్‌లు, కొన్ని చెట్టు కొమ్మ చెక్కి చేసుకున్నవి. ఇక్కడ గెలిచిన జట్టుకి మేకపోతు బహుమతిగా ఇచ్చే టోర్నమెంట్లు ఉంటాయి, ఖస్సీ టోర్నమెంట్లంటారు. మాస్టారు బూట్లు విప్పి వాళ్లతో అరగంట ఆడారు. గుంతల నేల మీద బంతిని ఆపగలిగినవాడికి టర్ఫ్ మీద ఆపడం ఎంతసేపు అన్నారు. మొత్తం ప్రయాణంలో ఒక్క పూటే ఉంచుకోమంటే నేను ఆ పూటే ఉంచుకుంటాను.

భువనేశ్వర్ తిరిగొచ్చి, ఊరి పక్కనున్న పహాళ్‌లో రసగుల్లాలు తిని, 19న కళింగ స్టేడియంలో వేల్స్ మ్యాచ్ చూశాం. వసతులు అన్నీ ఇక్కడే మెరుగు: తిండి, ఆటోలు, గదులు. అయినా హాకీ చూడ్డానికి మాత్రం రూర్కెలాకే వెళ్లమంటాను. అక్కడ జనం మంచి ట్యాకిల్‌కి కూడా చప్పట్లు కొడతారు. మ్యాచ్ 4–2తో గెలిచాం, కానీ గ్రూపులో మొదటి స్థానం రావాలంటే ఎనిమిది గోల్స్ తేడా కావాలి. రెండు గోల్స్ ఆధిక్యంలో ఉండి 2–2 కానిచ్చారు. ఆకాశ్‌దీప్ ఆదుకున్నాడు. "ఈ రెండు గోల్సూ పెనాల్టీ కార్నర్లే" అని మాస్టారు తల పట్టుకున్నారు.

తిరుగు దారిలో ముగ్గురం బండ్లు మార్చుకుని నడిపాం. బావ ఆర్‌15 లీటరుకి 46 ఇచ్చింది, ఏ గుంతలోనూ ఏడవలేదు, కానీ లారీని దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి. నా ఆర్‌సీ 27 ఇచ్చింది. దాటడం మంచినీళ్లు తాగినట్టే, కానీ ఊళ్ల మధ్య ట్రాఫిక్‌లో తొడలకి సెగ తగులుతుంది. ఇంత దూరానికి మాత్రం నా ఓటు మాస్టారి ఆర్‌ఆర్ 310కి. హ్యాండిల్ కాస్త ఎత్తు, ముందద్దం గాలిని ఆపుతుంది, లీటరుకి 31. ఐదు వందల కిలోమీటర్లకోసారి ఆయన మూడు బండ్ల చైన్లూ తుడిచి, నూనె వేసి, రెండు వేళ్లతో కిందకీ పైకీ ఆడించి చూసేవారు. అందుకే ఒక్క చైనూ వదులవలేదు.

22న న్యూజిలాండ్ మ్యాచ్ మాస్టారి ఇంట్లో చూశాం. హార్దిక్ లేడు. 3–1 నుంచి 3–3, తర్వాత షూటౌట్‌లో ఓటమి. బావ మాట్లాడలేదు. మాస్టారు టీవీ కట్టేసి, లోపలి గదిలోంచి ఒక సంచి తెచ్చారు. రూర్కెలాలో కొని, తన టెయిల్ బ్యాగులో బట్టల మధ్య చుట్టి, ఏడొందల డెబ్భై కిలోమీటర్లు జాగ్రత్తగా తెచ్చిన రెండు పెనాల్టీ కార్నర్ మాస్కులు. పట్టీ బిగువు సరిచూడ్డానికి ఒకటి నా మొహానికి పెట్టి, "పిల్లలకి ఇంకో గీత లోపలికి బిగించాలి" అన్నారు.